నొప్పా, నాటకమా? ఓపియాయిడ్ పేషెంట్ల దగ్గర నర్సుల మనసు ఎందుకు గట్టిపడుతుంది

నైట్ డ్యూటీ ఎక్కే టైమ్. దిగిపోయే నర్సు ఒక్కో బెడ్ గురించి గబగబా చెప్పుకుంటూ పోతోంది, పన్నెండు షుగర్ కేసు, పదమూడుకి పొద్దున్నే ఆపరేషన్ కాబట్టి నీళ్ళు కూడా ఇవ్వొద్దు, పద్నాలుగు దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి "వాడితో జాగ్రత్త, మత్తుమందు అలవాటున్న కేసు, గడియారం చూసుకుని మరీ ఇంజెక్షన్ అడుగుతాడు, అన్నీ నాటకాలు" అంది. పది సెకన్ల మాట. ఎక్కిన నర్సు ఇంకా ఆ మనిషి మొహం కూడా చూడలేదు, కానీ అతని బెల్లు మోగితే ముందు వేరే పని చూసుకుని వెళ్దాంలే అనే ఆలోచన మాత్రం అప్పుడే వచ్చి కూర్చుంది.

ఇది నేను కల్పించిన సీనే. వార్డుల్లో పనిచేసినవాళ్ళకి మాత్రం ఇందులో కొత్తేం కనిపించదు.

ఓపియాయిడ్లనే బలమైన నొప్పి మందుల గోల వార్తల్లోకి వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తుంటాయి. ఒకటి, నర్సులకి ఇలాంటి పేషెంట్లంటే చిన్నచూపు, సరిగ్గా చూడరు అని. రెండోది నర్సుల వైపు నుంచి, మీరొచ్చి ఒక్క రాత్రి డ్యూటీ చేసి అప్పుడు మాట్లాడండి అని. నాకర్థమైనంతవరకు రెండింట్లోనూ నిజముంది, ఎందుకంటే ఈ చిన్నచూపు అనేది మనసులో ఊరికే ఉండిపోదు, బెల్లు మోగడానికీ మందు చేతికందడానికీ మధ్య ఎన్ని నిమిషాలు పట్టింది అనే దాంట్లో బయటపడుతుంది, అంటే అదీ వైద్యంలో ఒక భాగమే. మరి అది ఎక్కడ్నుంచి వస్తోందని వెతుక్కుంటూ పోతే మందుల శాస్త్రం, పాత పొరపాట్లు, వార్డులో చాలని మనుషులు, అన్నీ కలిసి చిక్కుపడి కనిపిస్తాయి.

ముందు ఈ మందులేంటి

గసగసాల మొక్క కాయ నుంచి కారే పాలే నల్లమందు. దాంట్లోంచి మార్ఫిన్‌ని విడిగా తీసింది 1800ల మొదట్లో జర్మనీకి చెందిన సెర్ట్యూర్నర్ అనే ఫార్మసిస్టు. కొడీన్ కూడా ఆ మొక్కదే. మార్ఫిన్‌ని కాస్త మారిస్తే హెరాయిన్, దాన్ని 1898లో బేయర్ కంపెనీ దగ్గు మందుగా అమ్మింది, అవును, దగ్గు మందుగానే. తర్వాత మొక్కతో సంబంధం లేకుండా ల్యాబ్‌లో తయారైనవి వచ్చాయి, పెథిడిన్, మెథడోన్, ట్రమడాల్, ఫెంటనిల్. ఫెంటనిల్ అయితే మార్ఫిన్ కంటే దాదాపు 50 నుంచి 100 రెట్లు బలమైంది. వీటన్నింటినీ కలిపి ఓపియాయిడ్స్ అంటాం.

ఇవి మెదడులో, వెన్నుపాములో, పేగుల్లో ఉండే ఒక రకం రిసెప్టర్లకి అతుక్కుంటాయి. వెన్నుపాములో అతుక్కుంటే నొప్పి కబురు పైకి వెళ్ళడం తగ్గుతుంది, పేగుల్లో అయితే మలబద్ధకం, మెదడులో అయితే హాయి, మగత, ఇంకా ఊపిరి నెమ్మదించడం. ప్రాణం తీసేది ఈ చివరిదే. ఆపరేషనైన మనిషిని రాత్రంతా హాయిగా నిద్రపుచ్చే మందే డోసు మితిమీరితే ఊపిరి తీసుకోవడం మర్చిపోయేలా చేస్తుంది, ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందనేది మనిషి మనిషికీ మారుతుంది. నర్సు భయానికి మొదటి కారణం ఇక్కడే ఉంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

మూడు మాటలు, కలిపేస్తే వచ్చే గందరగోళం

టాలరెన్స్, డిపెండెన్స్, అడిక్షన్. వార్డులోనే కాదు ఇంట్లో కూడా ఈ మూడింటినీ "అలవాటు పడ్డాడు" అనే ఒక్క మాటలో చుట్టేస్తాం. సగం గొడవ ఇక్కడే మొదలవుతుంది.

టాలరెన్స్ అంటే నిన్న పనిచేసిన డోసు ఇవాళ చాలకపోవడం. శరీరం మందుకి రాటుదేలడం అన్నమాట. డిపెండెన్స్ అంటే మందు ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు ఎదురుతిరగడం, ఆవలింతలు, ముక్కు కారడం, చెమటలు, రోమాలు నిక్కబొడుచుకోవడం, ఎముకల్లో నొప్పులు, విరేచనాలు, ఒకచోట కాళ్ళు నిలవనివ్వని చికాకు. దీన్నే విత్‌డ్రావల్ అంటారు. కొన్ని వారాల పాటు రోజూ ఓపియాయిడ్ వాడిన ఎవరికైనా ఈ రెండూ రావొచ్చు, మంచివాడికీ వస్తాయి చెడ్డవాడికీ వస్తాయి, క్యాన్సర్ నొప్పితో మంచాన పడ్డ ముసలావిడకీ వస్తాయి.

అడిక్షన్ వేరు. దాన్ని ఇప్పుడు డాక్టర్లు ఓపియాయిడ్ యూజ్ డిసార్డర్ అంటున్నారు. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5లో దీనికి 11 లక్షణాలు పెట్టారు, అనుకున్నదానికంటే ఎక్కువ వాడటం, మానాలనుకున్నా మానలేకపోవడం, వాడాలనే తపన, పనీ ఇల్లూ పాడవుతున్నా ఆపలేకపోవడం, ఇలాంటివి. ఏడాదిలో వాటిలో కనీసం 2 ఉంటే డిసార్డర్ కింద లెక్క, 6 లేదా ఎక్కువుంటే తీవ్రం. ఇక్కడ చాలామంది గమనించని ఒక మెలిక ఉంది: డాక్టర్ చెప్పినట్టు మందు వాడుతున్న మనిషికి టాలరెన్స్, విత్‌డ్రావల్ వచ్చినా ఆ రెండింటినీ ఈ లెక్కలో కలపకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ముగ్గురు పేషెంట్లు, ముగ్గురూ "ఈ డోసు చాలట్లేదు సిస్టర్, పెంచండి" అంటున్నారు. మొదటావిడకి రొమ్ము క్యాన్సర్ ఎముకలకి పాకింది, ఆరు నెలలుగా మార్ఫిన్ మీద ఉంది. రెండోవాడికి యాక్సిడెంట్‌లో తొడ ఎముక విరిగింది, ఓపియాయిడ్ ముట్టుకోవడం ఇదే మొదటిసారి. మూడోవాడు నాలుగేళ్ళుగా హెరాయిన్ వాడుతున్నాడు, చెయ్యి మీద పెద్ద సెగగడ్డతో వచ్చాడు. మొదటావిడది టాలరెన్స్ కావచ్చు, జబ్బు ముదరడం కూడా కావచ్చు. రెండోవాడిది రెండూ కాదు, బహుశా డోసే తక్కువ రాశారు. మూడోవాడికి డిసార్డర్ ఉంది, టాలరెన్స్ ఉంది, విత్‌డ్రావల్ మొదలైంది, వీటన్నింటితో పాటు సెగగడ్డ నొప్పి కూడా నిజంగానే ఉంది. ముగ్గురి నోటా మాట ఒకటే, వినే చెవి మాత్రం మూడుసార్లు మూడు రకాలుగా వింటుంది.

గడియారం చూసి అడిగేవాడి లెక్క

ఇప్పుడు పద్నాలుగో బెడ్ దగ్గరికి వద్దాం. అతను పాత హెరాయిన్ యూజర్, రెండేళ్ళుగా మానేసి రోజూ పొద్దున 8కి మెథడోన్ తాగుతున్నాడు అనుకోండి. మెథడోన్ కూడా ఓపియాయిడే, కానీ నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది కాబట్టి హెరాయిన్ కోసం పరిగెత్తే అవసరం లేకుండా మనిషిని నిలకడగా ఉంచుతుంది. న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ ఈ పద్ధతి గురించి 1965లో ప్రచురించారు. ఇప్పుడు అతనికి కాలు విరిగింది.

వార్డులో మామూలుగా అనుకునేది ఏంటంటే, పొద్దున్నే అంత మెథడోన్ తాగాడుగా, అదీ నొప్పి మందేగా, ఇంకెందుకు అని. లెక్క అక్కడే తప్పుతుంది. మెథడోన్ విత్‌డ్రావల్‌ని 24 గంటలో ఇంకా ఎక్కువో ఆపుతుంది, నొప్పిని ఆపేది మాత్రం 4 నుంచి 8 గంటలే. అంటే సాయంత్రం 4 దాటాక అతని ఒంట్లో ఉన్న మెథడోన్ విత్‌డ్రావల్ రాకుండా కాపలా కాస్తోందే తప్ప విరిగిన కాలికి చేస్తున్నది దాదాపు ఏం లేదు. పైగా అతనికి టాలరెన్స్ ఉంది కాబట్టి పక్క బెడ్ మనిషికిచ్చే మార్ఫిన్ డోసు ఇతనికి ఆనదు. ఏళ్ళ తరబడి ఓపియాయిడ్ వాడినవాళ్ళలో నొప్పి తెలియడమే ఇంకా పదునెక్కుతుందని కూడా పరిశోధనల్లో చూశారు, దాన్ని హైపరాల్జీసియా అంటారు.

సో, ఇతను ఆరుగంటలకోసారి రాసిన ఇంజెక్షన్‌ని అయిదో గంట నుంచి అడగడం మొదలుపెడతాడు. నర్సు రాలేదు. మళ్ళీ బెల్లు కొడతాడు. మందు పేరు, డోసు, పోయినసారి ఎన్నింటికి ఇచ్చారో నిమిషంతో సహా చెప్తాడు. ఇదంతా నర్సుకి ఎలా కనిపిస్తుంది? "అన్నీ తెలుసు వీడికి, ముదిరిన కేసు" అని. అదే షుగర్ పేషెంట్ తన ఇన్సులిన్ పేరూ యూనిట్లూ టైమూ చెప్తే "ఎంత శ్రద్ధగా ఉన్నాడో" అంటాం.

ఇలాంటి కేసుల్లో ఇప్పుడు ఎక్కువగా చేసేది, రోజువారీ మెథడోన్ ఆపకుండా దాన్ని ఆధారంగా ఉంచి నొప్పికి విడిగా మందు ఇవ్వడం, పారాసెటమాల్ లాంటివి, నరానికి బ్లాక్ (ఆ చోటుని మొద్దుబార్చే ఇంజెక్షన్), అవసరమైతే ఇంకో ఓపియాయిడ్ ఎక్కువ డోసులో. డాక్టర్ కాగితం మీద ఇది రాస్తే నర్సు సగం యుద్ధం గెలిచినట్టే. రాయకుండా "అవసరమైతే ఇవ్వండి" అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోతే ఆ "అవసరం" అనేది ఎవరు తేల్చాలి, అర్ధరాత్రి రెండింటికి ఒంటరిగా నిలబడ్డ నర్సే తేల్చాలి.

నర్సు వైపు నిలబడి చూస్తే

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఈ టాపిక్ మీద రాసేవాళ్ళలో చాలామంది నర్సుల్ని బోనులో నిలబెట్టేసి వెళ్ళిపోతారు, నాకది న్యాయంగా అనిపించదు.

నర్సుకి రెండు భయాలు, రెండూ ఎదురెదురు. మందు ఇచ్చాక ఆ మనిషి మగతలోకి జారి ఊపిరి తగ్గితే? ఇచ్చింది తనే, చార్టులో సంతకం తనదే. ఇవ్వకపోతే? నొప్పితో అరుస్తున్న మనిషిని వదిలేసిందన్న మాట, పైగా అతను నిజం చెప్తున్నాడేమో అనే అనుమానం ఇంటిదాకా వెంటొస్తుంది. ఇంజెక్షన్ తర్వాత మనిషి ఎంత మగతగా ఉన్నాడు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు అని దగ్గరుండి చూసే తీరిక ఉంటే మొదటి భయం చాలావరకు తగ్గుతుంది, కానీ ఒక్కరికి లెక్కకు మించిన బెడ్లు అప్పజెప్పినచోట ఆ తీరిక ఎక్కడిది? చూడలేనప్పుడు ఇవ్వకపోవడమే సేఫ్ అనిపిస్తుంది. బయటకి అది కఠినత్వంలా కనబడుతుంది, లోపల జరుగుతున్నది మాత్రం మనుషులు చాలకపోవడం.

ఇంకొకటి, తిట్లు. ఓవర్‌డోస్‌తో ఊపిరాగిపోతున్న మనిషికి నాలక్సోన్ ఇస్తే రెండు మూడు నిమిషాల్లో లేచి కూర్చుంటాడు, చూడటానికి అద్భుతంలా ఉంటుంది. లేచినవాడు దండం పెట్టడు, చాలాసార్లు తిడతాడు, సూది పీకేసి వెళ్ళిపోతానంటాడు. ప్రాణం పోస్తే ఇదా అని నర్సుకి మండుతుంది. అసలు జరిగిందేంటంటే నాలక్సోన్ ఆ రిసెప్టర్ల మీద ఉన్న ఓపియాయిడ్‌ని ఒక్కసారిగా తోసేస్తుంది, అలవాటున్నవాడికి రోజులో మెల్లగా రావాల్సిన విత్‌డ్రావల్ మొత్తం రెండు నిమిషాల్లో మీద పడుతుంది. ప్రమాదం ఇంకోటి కూడా ఉంది, నాలక్సోన్ ప్రభావం సుమారు 30 నుంచి 90 నిమిషాలు, ఒంట్లో ఉన్న ఓపియాయిడ్ అంతకంటే ఎక్కువసేపు ఉండొచ్చు, కాబట్టి అతను తిట్టి వెళ్ళిపోతే దారిలో మళ్ళీ ఊపిరి ఆగొచ్చు. ఈ సంగతి తెలిసిన నర్సు "కాసేపు ఉండండి" అని బతిమాలుతుంది, తెలియనిది "పోతే పోనీ" అంటుంది. తిట్లు ఇద్దరికీ సమానమే. కొన్నిసార్లు తిట్లతో ఆగదు, చెయ్యి కూడా లేస్తుంది, అబద్ధాలు చెప్తారు, బాత్‌రూమ్‌లో దొంగగా వాడి పడిపోతారు, అవన్నీ అయ్యాక కూడా మనసు మెత్తగా ఉండాలని ఎవరైనా అంటే ముందు వార్డులో సెక్యూరిటీ ఉందో లేదో అడగాలి.

ఒకే ఉద్యోగంలో రెండు వ్యతిరేక పాఠాలు

దీని గురించి తక్కువ మాట్లాడతారు కానీ నా దృష్టిలో అన్నింటికంటే పెద్ద చిక్కు ఇదే.

1968లో మార్గో మెకాఫరీ అనే అమెరికన్ నర్సు ఒక మాట చెప్పింది: నొప్పి అంటే అనుభవించేవాళ్ళు ఏది నొప్పి అంటే అదే, వాళ్ళు ఉందన్నప్పుడల్లా ఉన్నట్టే. నర్సింగ్ చదువులో ఇది దాదాపు మంత్రమైపోయింది. తర్వాత 1980లో ఒక ప్రముఖ మెడికల్ జర్నల్‌లో అయిదు వాక్యాల ఉత్తరం ఒకటి అచ్చైంది, హాస్పిటల్లో ఓపియాయిడ్ తీసుకున్న 11,882 మందిలో అడిక్షన్ నమోదైంది 4 కేసుల్లోనే అని. హాస్పిటల్లో ఉన్నన్నాళ్ళ సంగతే అది, ఇంటికెళ్ళి నెలల తరబడి వాడేవాళ్ళ గురించి కాదు. కానీ దాన్ని పట్టుకుని ఓపియాయిడ్లతో అడిక్షన్ అరుదు అని వందల పేపర్లు రాశాయి, 2017లో లెక్కేస్తే ఆ ఉత్తరాన్ని 608 సార్లు ప్రస్తావించారని తేలింది. 1996లో ఆక్సికాంటిన్ అనే ఓపియాయిడ్ మాత్ర మార్కెట్లోకి వచ్చింది. నొప్పిని బీపీ, పల్స్‌లాగా అయిదో వైటల్ సైన్‌గా చూడాలనే ప్రచారం నడిచింది, 2001 నుంచి అమెరికాలో హాస్పిటళ్ళకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ నొప్పిని తప్పనిసరిగా అంచనా వేయాలని ప్రమాణాలు పెట్టింది. నర్సుకి అప్పుడు అందిన పాఠం: పేషెంట్ ఏ నంబర్ చెప్తే అది నమ్ము, మందు ఇవ్వు, అనుమానించడం తప్పు.

తర్వాత చావులు. అమెరికాలో ఒక్క 2022లోనే ఓపియాయిడ్లు కలిసిన ఓవర్‌డోస్ చావులు 80 వేలు దాటాయి, వాటిలో ఎక్కువ భాగం ఫెంటనిల్ లాంటివాటివే. ఆక్సికాంటిన్ కంపెనీ పర్డ్యూ 2007లో ఒకసారి, 2020లో ఇంకోసారి కోర్టులో నేరం ఒప్పుకుంది. 2016లో అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఓపియాయిడ్లు జాగ్రత్తగా రాయమని గైడ్‌లైన్ ఇస్తే దాన్ని కొందరు గట్టి నిబంధనలా పట్టుకుని ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళకి కూడా టక్కున తగ్గించేశారు, అది కొత్త బాధలు తెచ్చింది, 2022లో సీడీసీ దాన్ని సవరించి ఇవి కఠినమైన హద్దులు కావని స్పష్టం చేయాల్సి వచ్చింది.

1995లో ఉద్యోగంలో చేరిన నర్సుని ఊహించుకోండి. మొదటి పదిహేనేళ్ళు "నమ్ము, ఇవ్వు" అన్నారు. తర్వాత పదేళ్ళు "జాగ్రత్త, నువ్విచ్చిందే మనుషుల్ని చంపుతోంది" అన్నారు. ఇప్పుడేమో "అంత అనుమానం కూడా తప్పే" అంటున్నారు. ఆవిడ ఎవరి మాటా పూర్తిగా నమ్మకుండా తన కడుపులో ఏమనిపిస్తే దాని ప్రకారం పోతోందంటే ఆశ్చర్యమేముంది.

'మందు కోసం వచ్చాడు' అనే ముద్ర

డ్రగ్ సీకింగ్. వార్డుల్లో బాగా నలిగిన మాట. దీని మీద రెండు వాదనలున్నాయి.

ఒక వాదన ప్రకారం అది పేషెంట్ ప్రవర్తనకి పెట్టిన పేరు మాత్రమే కాదు, మన అనుమానానికి పెట్టిన పేరు కూడా. నొప్పి తగ్గని మనిషి కూడా గట్టిగా అడుగుతాడు, వేరే హాస్పిటల్‌కి పోతాడు, ఫలానా మందే కావాలంటాడు, సరిగ్గా మందిస్తే అవన్నీ ఆగిపోతాయి. 1989లో ఇద్దరు రచయితలు దీనికి సూడోఅడిక్షన్ అని పేరుపెట్టారు, అంటే అడిక్షన్‌లా కనిపించేది కానీ కానిది. వినడానికి ఎంతో బావుంటుంది. ఇంతకీ దానికి ఆధారం లుకేమియాతో ఉన్న 17 ఏళ్ళ ఒక్క కుర్రాడి కేసు. తర్వాత మందుల కంపెనీలు దీన్ని ఎత్తుకుని, పేషెంట్ అడిక్ట్‌లా కనిపిస్తే ఇంకాస్త మందివ్వండి అనే దాకా తీసుకెళ్ళాయి.

రెండో వాదన, నిజంగానే మందు కోసమే వచ్చేవాళ్ళు ఉంటారు, అందర్నీ నమ్మితే వాళ్ళకే హాని అని. ఇది కూడా కాదనలేం. నొప్పిని కొలిచే రక్తపరీక్ష లేదు, ఎక్స్‌రేలో నొప్పి కనపడదు. కాబట్టి నర్సు కొన్నిసార్లు మోసపోతుంది, కొన్నిసార్లు నిజం చెప్పినవాణ్ణి అనుమానిస్తుంది, రెండు తప్పుల్నీ సున్నాకి తెచ్చే దారి లేదు. ఏ తప్పు ఖరీదు ఎంత అనేదే ప్రశ్న. డిసార్డర్ ఉన్న మనిషికి వార్డులో, కళ్ళముందు, ఊపిరి గమనిస్తూ ఒక డోసు అనవసరంగా ఇస్తే జరిగే నష్టం, అతను విసిగిపోయి బయటికెళ్ళి ఏం కలిసిందో తెలియని పొడి వాడితే జరిగే నష్టం, ఈ రెండూ ఒకటి కాదు. అలాగని చేతికి చీటీ రాసిచ్చి ఇంటికి పంపే సందర్భంలో ఈ లెక్క తిరగబడుతుంది. వార్డు లెక్కని ఇంటి చీటీకీ, ఇంటి చీటీ భయాన్ని వార్డుకీ అంటగట్టడం వల్లే చాలా వాదనలు ఎటూ తేలవు.

ఈ అనుమానం తగ్గించే పనిముట్టు ఒకటుంది. కౌస్ అనే స్కేలు, విత్‌డ్రావల్‌ని 11 అంశాల్లో కొలుస్తుంది, మొత్తం 48 మార్కులు. పల్స్, కంటిపాప సైజు, రోమాలు నిక్కబొడుచుకోవడం, ఆవలింతలు, ముక్కు కారడం ఇలా. ఆందోళన నటించొచ్చు, కంటిపాపని పెద్దది చేసి నటించడం మాత్రం కుదరదు. "నాటకం" అన్న పేషెంట్‌కి ఈ స్కేలు వేసి చూస్తే 16 వచ్చిందనుకోండి, అది మధ్యస్థ విత్‌డ్రావల్, ఇక వాదన అక్కర్లేదు, డాక్టర్‌కి ఫోన్ చేసి ఒక నంబర్ చెప్పొచ్చు. అర్ధరాత్రి "పేషెంట్ గొడవ చేస్తున్నాడు సార్" అనడానికీ "కౌస్ 16 ఉంది సార్" అనడానికీ వచ్చే జవాబు ఒకలా ఉండదు.

మాట చార్టులోకి ఎక్కితే

2010లో జాన్ కెల్లీ, కసాండ్రా వెస్టర్‌హాఫ్ అనే పరిశోధకులు 500 మందికి పైగా మానసిక ఆరోగ్య నిపుణులకి ఒక మనిషి గురించి చిన్న పేరా ఇచ్చారు. సగం మందికి ఇచ్చిన దాంట్లో అతన్ని "సబ్‌స్టన్స్ అబ్యూజర్" అన్నారు, మిగతావాళ్ళకి "సబ్‌స్టన్స్ యూజ్ డిసార్డర్ ఉన్న మనిషి" అన్నారు, మిగతాదంతా ఒకటే. మొదటి మాట చదివినవాళ్ళు తప్పు అతనిదేననీ శిక్షలాంటిది ఉండాలనీ ఎక్కువ మొగ్గారు. ఇదంతా చదువుకున్న నిపుణుల సంగతి.

2018లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి తీవ్రమైన నొప్పి తెచ్చే జబ్బు) పేషెంట్ మీద ఇంకొకటి వచ్చింది. ఒకే కేసుని రెండు రకాలుగా రాసి మెడికల్ విద్యార్థులకీ, ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్లకీ చూపించారు, ఒకటి మామూలు భాషలో, ఒకటి అనుమానం ధ్వనించే భాషలో. రెండోది చదివినవాళ్ళు పేషెంట్ మీద చెడుగా అభిప్రాయపడటమే కాదు, నొప్పికి మందు కూడా తక్కువ ఎంచుకున్నారు. వాళ్ళు నర్సులు కారు నిజమే, కానీ రోజుకి రెండు మూడు సార్లు కేసుని చేతులు మార్చేది నర్సులే కాబట్టి ఇది ఎక్కడ ఎక్కువ తగులుతుందో ఊహించుకోవచ్చు.

పద్నాలుగో బెడ్ మాటనే ఇంకోలా చెప్తే ఎలా ఉంటుందో చూడండి: "కాలు విరిగింది, రోజూ పొద్దున 8కి మెథడోన్, మార్ఫిన్ ఇచ్చాక నాలుగు గంటలు బానే ఉంటున్నాడు, అయిదో గంటకి నొప్పి 8 అంటున్నాడు, ఊపిరి నిమిషానికి 16, మగత లేదు, డోసుల మధ్య గ్యాప్ గురించి డాక్టర్‌ని అడగాలి." ఇదీ పదిహేను సెకన్లే, అబద్ధం ఒక్కటీ లేదు, పొగడ్త కూడా లేదు.

మాటలు మారిస్తే మనసు మారుతుందా అని వెటకారం చేసే నర్సులూ ఉన్నారు. కొత్త పేరు పెట్టినా కొన్నాళ్ళకి దానికీ పాత మురికే అంటుతుంది, అసలు స్టాఫ్ పెంచకుండా భాష దిద్దుతున్నారు అని వాళ్ళ గొడవ. అందులో పస లేకపోలేదు.

"ఒక మత్తు బదులు ఇంకో మత్తు"

మెథడోన్ మీద, దానిలాగే అడిక్షన్ చికిత్సకి వాడే, నాలుక కింద పెట్టుకునే బ్యుప్రెనార్ఫిన్ మీద నర్సుల్లో ఉండే అనుమానం ఇది. వ్యసనం మానిపించకుండా దాన్నే ప్రభుత్వ ఖర్చుతో నడుపుతున్నారు కదా అని. పూర్తిగా మానేయడమే బాగుపడటం అని నమ్మేవాళ్ళకి ఇది రాజీలా కనిపిస్తుంది, అలా మానేసి ఏళ్ళ తరబడి బాగున్నవాళ్ళూ ఉన్నారు. మరో వైపు లెక్కలున్నాయి. 2017లో అనేక అధ్యయనాల్ని కలిపి చూస్తే మెథడోన్ చికిత్సలో ఉన్నప్పుడు ఏడాదికి వెయ్యిమందికి సుమారు 11 మంది చనిపోతే, చికిత్స బయట ఉన్నప్పుడు 36 మంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే ఈ రెండింటినీ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఇంకో ఇబ్బందికరమైన నిజం, కొన్ని రోజులు మందు ఆపించి "క్లీన్" చేసి ఇంటికి పంపితే ఈలోపు టాలరెన్స్ పడిపోతుంది, మళ్ళీ పాత డోసు వాడితే అదే చివరిది కావచ్చు. వార్డులో నెల రోజులు మందు లేకుండా ఉంచి గర్వంగా పంపించడం కూడా ఒక్కోసారి ప్రమాదంలోకి పంపడమే.

చిన్నచూపుని కొలవొచ్చా

కొలుస్తున్నారు. ఒకటి, ఈ రకం పేషెంట్లతో పనిచేయడం నాకు ఎలా అనిపిస్తుంది, వాళ్ళకి చేసే సాయానికి విలువుందా లాంటి ప్రశ్నలుండే స్కేలు, దానితో ఒకే నర్సు గుండె పేషెంట్‌కీ ఓపియాయిడ్ పేషెంట్‌కీ ఎన్ని మార్కులేసిందో పోల్చొచ్చు. ఇంకోటి డీడీపీపీక్యూ అనే ప్రశ్నాపత్రం, ఇది కాస్త తెలివైనది, ఇష్టం ఉందా అని మాత్రమే అడగదు, నాకు దీని గురించి తెలుసా, అడిగే హక్కు నాకుందా, చిక్కొస్తే అడగడానికి ఎవరైనా ఉన్నారా అని విడివిడిగా అడుగుతుంది. కాగితం మీద మంచి జవాబు రాసి వార్డులో వేరేలా ఉండొచ్చు, ఆ లోపం ఏ స్కేలుకైనా ఉన్నదే.

2013లో 28 అధ్యయనాల్ని కలిపి చూసిన ఒక సమీక్షలో వైద్య సిబ్బందిలో ఇలాంటి పేషెంట్ల మీద ప్రతికూల ధోరణి మామూలేనని తేలింది, దానికి తోడు ట్రైనింగ్ లేకపోవడం, వెనక నిలబడే వ్యవస్థ లేకపోవడం. సరే, ట్రైనింగ్ ఇస్తే సరిపోతుందిగా? 2009లో ఆస్ట్రేలియా నర్సుల మీద వచ్చిన ఒక పరిశోధన, ఒక్క ట్రైనింగ్ చాలదని చెప్పింది, వార్డులో సపోర్ట్ ఉన్నచోటే ఆ చదువు పనిచేసిందట. పొద్దున క్లాసులో దయ గురించి విని, సాయంత్రం ఒంటరిగా అదే వార్డుకెళ్తే ఎంతసేపు నిలుస్తుంది.

పద్ధతి మారితే అభిప్రాయం దానంతటదే కదిలిన చోటు ఒకటుంది, పిల్లల వార్డు. కడుపుతో ఉన్నప్పుడు ఓపియాయిడ్ వాడిన తల్లికి పుట్టిన పసికందుకి విత్‌డ్రావల్ రావొచ్చు. ఈ తల్లుల మీద ఉండే కోపం ఇంకెవరి మీదా ఉండదు, ఎందుకంటే కళ్ళముందు వణుకుతున్నది పసిబిడ్డ. 1970ల నుంచి వాడుతున్న పద్ధతిలో నర్సు బిడ్డ లక్షణాలకి పెద్ద పట్టీ ప్రకారం మార్కులేస్తుంది, మార్కులు పెరిగితే మార్ఫిన్. కొత్త పద్ధతిలో ప్రశ్నలు మూడే: బిడ్డ పాలు తాగుతోందా, నిద్రపోతోందా, ఊరుకోబెడితే ఊరుకుంటోందా. వీలైనంత వరకు తల్లి ఒళ్ళోనే మొదటి వైద్యం. 2023లో ప్రచురించిన అమెరికా ట్రయల్‌లో 26 హాస్పిటళ్ళలో దీన్ని చూస్తే, ఇంటికెళ్ళడానికి సిద్ధం కావడానికి పట్టే రోజులు సగటున 14.9 నుంచి 8.2కి తగ్గాయి, ఓపియాయిడ్ మందు అవసరమైన పిల్లలు 52 శాతం నుంచి 19.5 శాతానికి తగ్గారు. తల్లి ఇక్కడ దోషి స్థానం నుంచి మందు స్థానానికి వచ్చింది, నర్సు పని ఆమెకి నేర్పించడం అయింది. పక్కన కూర్చుని బిడ్డని ఎలా పొదువుకోవాలో చూపించిన మనిషిని అసహ్యించుకోవడం కొంచెం కష్టమే.

బాగుపడ్డవాళ్ళు ఎందుకు కనపడరు

అనుభవం పెరిగితే అర్థం చేసుకోవడం పెరగాలి కదా, మరి ఇరవై ఏళ్ళ సర్వీసున్న నర్సుల్లో కొందరు ఎందుకు ఇంకా గట్టిపడతారు? దీనికి నాకు బాగా నచ్చిన సమాధానం 1984లో ప్యాట్రీషియా కోహెన్, జేకబ్ కోహెన్ చెప్పింది, క్లినీషియన్స్ ఇల్యూజన్ అన్నారు. వైద్యులు చూసేది జబ్బు ఉన్న అందర్నీ కాదు, మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళని. నర్సుకి ఏడాదిలో ఆరుసార్లు ఓవర్‌డోస్‌తో వచ్చిన ఒక్కడు ఆరుసార్లు కనిపిస్తాడు, బ్యుప్రెనార్ఫిన్ మీద స్థిరపడి పని చేసుకుంటున్నవాళ్ళు ఒక్కసారి కూడా కనపడరు. "వీళ్ళు మారరు" అనేది ఆమె కళ్ళారా చూసిన నిజమే, కళ్ళు చూసింది మాత్రం ఒక మూల.

ఇందులో ఇంకో మడత ఉంది. మూడేళ్ళుగా బాగున్న ఒకావిడ మోకాలి ఆపరేషన్‌కి వచ్చింది అనుకోండి. నర్సు చార్టు పట్టుకుని రోజూ వేసుకునే మందులేంటమ్మా అని అడిగింది. బీపీ మాత్ర చెప్పింది, థైరాయిడ్ మాత్ర చెప్పింది, నాలుక కింద పెట్టుకునే ఆ మూడోది చెప్పాలా వద్దా అని ఒక క్షణం నర్సు మొహం వైపు చూసింది. ఇంతకు ముందు ఎక్కడో ఒకసారి చెప్పినప్పుడు ఎదుటి మొహం ఎలా మారిందో గుర్తొచ్చింది. "అంతేనమ్మా, ఇంకేం లేవు" అంది. నర్సు రాసుకుంది. ఆపరేషన్ తర్వాత మామూలు డోసు మార్ఫిన్ ఎందుకు పనిచేయట్లేదో వార్డులో ఎవరికీ అర్థం కాలేదు, ఎందుకంటే బ్యుప్రెనార్ఫిన్ రిసెప్టర్లని గట్టిగా పట్టుకుని మార్ఫిన్‌ని లోపలికి సరిగ్గా రానివ్వదు. ఆవిడ రాత్రి మూడుసార్లు బెల్లు కొట్టింది. పొద్దున డ్యూటీ మారేటప్పుడు దిగిపోయే నర్సు ఆ బెడ్ దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించింది.